హెడ్‌లైట్లలో ప్రొజెక్టర్ల బిగింపు, సీలు: ఒక నెల పని డైరీ

మొదలుపెట్టే ముందు

నా కారుకు వచ్చిన హెడ్‌లైట్లు హెచ్4 బల్బుతో పనిచేసే మామూలు రిఫ్లెక్టర్ దీపాలు. ఆ డొప్పలో జినాన్ బల్బు పెట్టి చూడడం చాలామంది చేసే పనే కాని, అది నాకు మొదటి నుంచీ నచ్చలేదు. హెచ్4 రిఫ్లెక్టర్ తన ఫిలమెంటు ఫలానా చోట, ఫలానా పొడవులో ఉంటుందన్న లెక్క మీద రూపొందింది. ఆ స్థానంలో వేరే ఆకారం గల ఆర్క్ (జినాన్ బల్బులో ఫిలమెంటుకు బదులు వెలిగే విద్యుత్ జ్వాల) వెలిగితే వెలుగు ఎక్కడపడితే అక్కడికి చెదిరి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. ప్రొజెక్టర్ సంగతి వేరు. దాని డొప్ప దీర్ఘవృత్తాకారంలో ఉంటుంది కాబట్టి ఒక నాభి దగ్గర పుట్టిన వెలుగంతా రెండో నాభి వైపు చేరుతుంది; అక్కడ అడ్డంగా నిలబెట్టిన పలుచని రేకు పై అంచును ముందున్న గాజు కటకం తలకిందులుగా రోడ్డు మీద చిత్రిస్తుంది. మనం గోడ మీద చూసే కటాఫ్ గీత, అంటే కింది వెలుగునూ పై చీకటినీ విడదీసే గీత, ఆ రేకు అంచు ప్రతిబింబమే.

అందుకని డీ2ఎస్ రకం జినాన్ బల్బు పట్టే 2.5 అంగుళాల బై-జినాన్ ప్రొజెక్టర్లు ఒక జత తీసుకున్నాను. లోబీమ్‌లో రేకు నిలబడి ఉంటుంది, హైబీమ్ నొక్కితే సొలినాయిడ్ (కరెంటు అందితే కదిలే విద్యుదయస్కాంత మీట) దాన్ని పడుకోబెడుతుంది. పని మాత్రం కారు మీద ఉన్న దీపాల మీద కాకుండా, పాతవి మరో జత కొని వాటి మీద చేయాలని నిర్ణయించుకున్నాను. కంపెనీ దీపాలు అలమారలో భద్రంగా ఉంటే ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు. ఈ మాట ఊరికే అనడం లేదు. డీ2ఎస్ బల్బు వెలుగు సుమారు 3200 ల్యూమెన్లు. ఐక్యరాజ్యసమితి 48వ నంబరు నియమావళి 2000 ల్యూమెన్లు దాటిన లోబీమ్‌కు దీపం కడిగే ఏర్పాటు, తనంతట తాను ఎత్తు సరిచేసుకునే ఏర్పాటు ఉండాలంటుంది. విప్పి మార్చిన దీపానికి పాత ఆమోదం వర్తించని దేశాలు చాలా ఉన్నాయి. ఆ సంగతి ఎవరికి వారు ముందే కనుక్కోవలసిందే. నా పరీక్షలన్నీ ఆవరణలోనే జరిగాయి.

1వ రోజు: కుడి దీపం తెరవడం

తెరిచే ముందు దీపాన్ని అన్ని వైపులా తిప్పి చూశాను. ముందు అద్దం అంచున పీసీ అనీ, వెనుక డొక్కు మీద పీపీ అనీ అచ్చులోనే పోసి ఉన్నాయి. అంటే ముందుది పాలీకార్బొనేట్, వెనుకది పాలీప్రొపిలీన్. ఈ రెండక్షరాలు ఓవెన్ వేడి ఎంత ఉండాలో చెబుతాయి: పాలీకార్బొనేట్ 147 డిగ్రీల దగ్గర బిర్రు కోల్పోతుంది, పాలీప్రొపిలీన్ 160 దాటాక కరుగుతుంది, ఈ రెంటినీ కలిపిన బ్యూటైల్ బంక మాత్రం 100 దాటగానే మెత్తబడడం మొదలుపెడుతుంది. పని అంతా ఆ మధ్య ఉన్న కాస్త జాగాలోనే జరగాలి.

వెనుక గోడ మీద గాలి పోయే దారులు రెండు కనిపించాయి. కింద మోచేయిలా వంగిన చిన్న రబ్బరు గొట్టం, పైన తెల్లని పొర అతికించిన గుండ్రటి రంధ్రం. వాటిని ఫోటో తీసుకుని పక్కన పెట్టాను. అప్పటికి వాటి గురించి అంతకు మించి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే ఈ డైరీ నాలుగు పుటలు తగ్గేది.

బల్బులు, వాటి వెనుక మూసే రబ్బరు బూటు, స్క్రూలు, లోహపు క్లిప్పులు అన్నీ తీసేశాక, ఓవెన్‌ను 120 డిగ్రీలకు ముందుగా వేడెక్కించి, దీపాన్ని చెక్క పలక మీద ఉంచి 8 నిమిషాలు లోపల పెట్టాను. లోహపు ట్రే మీద పెడితే తాకిన చోటల్లా ప్లాస్టిక్ వంగిపోతుంది. ఓవెన్ మీటలో ఉన్న అంకెను నమ్మకుండా లోపల వేరే థర్మామీటర్ పెట్టుకోవడం మంచిది. నాది 120 చూపిస్తున్నప్పుడు లోపల నిజంగా 131 ఉంది. బయటికి తీసి, చేతి తొడుగులతో పట్టుకుని, పై మూలన ఉన్న నాలుక కిందికి బల్లపరుపు స్క్రూడ్రైవర్ దూర్చి మెల్లగా తిప్పాను. మొదట ఏమీ కదలలేదు. తరువాత చిన్న చప్పుడుతో అరంగుళం తెరుచుకుంది; లోపల నల్లటి బ్యూటైల్ తీగలు తీగలుగా సాగుతూ రెండు వైపులనూ వదలనంటూ పట్టుకుని ఉంది. ఆ తీగలు చల్లబడి గట్టిపడేలోగా చుట్టూ ఒక చుట్టు రావాలి. సగం దూరం వచ్చేసరికి వేడి చాల్లేదు, మరో 5 నిమిషాలు ఓవెన్‌లో పెట్టి మిగతాది పూర్తి చేశాను. బలవంతం చేస్తే విరిగేవి ముందుగా ఆ నాలుకలే.

అద్దం లోపలి ముఖాన్ని చేత్తో తాకకూడదు, గుడ్డతో తుడవకూడదు. గీతలు పడకుండా కాపాడే గట్టి పూత బయటి ముఖానికే ఉంటుంది. రిఫ్లెక్టర్ వెండి మెరుపు కూడా శూన్యంలో ఆవిరి చేసి పట్టించిన అల్యూమినియమ్ పొర, పొడిగుడ్డకే గీసుకుపోతుంది. రెంటినీ మెత్తటి సంచుల్లో చుట్టి పెట్టేశాను.

2, 3వ రోజులు: ఎడమ దీపం, ఒకరు వాడిన సిలికాన్

ఎడమ దీపాన్ని నాకంటే ముందు ఎవరో తెరిచి సిలికాన్‌తో మూశారు. కొన్నప్పుడు గమనించలేదు. అదే వేడి, అదే 8 నిమిషాలు, కాని ఇంచు కూడా కదలలేదు. సిలికాన్ వేడికి మెత్తబడదు. అది వంట ఓవెన్ తలుపుల చుట్టూ కూడా నిలబడే రబ్బరు. నాలుగు సార్లు ఓవెన్‌లో పెట్టినా ఫలితం లేకపోయింది. చివరకు పలుచని బ్లేడును కీలు పొడవునా దూర్చి, వేలెడు వేలెడు మేర కోసుకుంటూ రావలసి వచ్చింది. ఒక దీపానికి రెండు సాయంత్రాలు పట్టాయి. ఒక నాలుక విరిగింది.

తెరిచాక అసలు బాధ మొదలైంది. అద్దం అంచు కూర్చునే గాడిలో అంటుకున్న సిలికాన్ పొరను తీయకపోతే దాని మీద మరేదీ అంటదు. బ్యూటైల్ అంటదు, ఎపాక్సీ అంటదు, కొత్త సిలికాన్ కూడా సరిగా పట్టదు. చెక్క పుల్లలు, ప్లాస్టిక్ గీకుడు ముక్క, చివరకు సన్నని ఎమరీ కాగితం పట్టుకుని గాడి అడుగుదాకా గీకాను. ఇసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, నీటి చుక్క వేసి చూస్తే, పొర మిగిలిన చోట చుక్క ముత్యంలా గుండ్రంగా నిలబడింది, శుభ్రమైన చోట పరుచుకుంది. ఈ చుక్క పరీక్ష కంటికి కనబడని దాన్ని కూడా పట్టిస్తుంది. అసిటోన్ మాత్రం దగ్గరికి రానీయలేదు, అది పాలీకార్బొనేట్‌ను నిమిషాల్లో సాలెగూడులా పగుళ్ళు బారిస్తుంది.

రిఫ్లెక్టర్ కింది అంచున బూడిదరంగు మచ్చలు కనిపించాయి. పుల్లటి వెనిగర్ వాసన వేసే రకం సిలికాన్ ఆరుతూ అసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. మూసిన డొక్కులో ఆ ఆవిరికి పలుచని అల్యూమినియమ్ పొర తప్ప మరో లక్ష్యం దొరకదు. ఆ మచ్చలకు కారణం అదే అయి ఉంటుందని నా అనుమానం. సిలికాన్ తప్పనిసరి అనుకునేవారు కనీసం తటస్థంగా ఆరే రకమైనా వాడాలి. నేనైతే హెడ్‌లైటు గాడిలో ఏ రకమూ వాడను.

5వ రోజు: ఎపాక్సీతో మొదటి బిగింపు, మొదటి ఓటమి

ప్రొజెక్టర్‌ను బిగించే దారులు మూడు. బల్బు రంధ్రం గుండా మరలున్న గొట్టాన్ని దూర్చి వెనుక నుంచి నట్టు బిగించడం ఒకటి; డొప్పను కోసి ప్రొజెక్టర్ పట్టీని బోల్టులతో పట్టించడం రెండోది; కోసిన డొప్పలో కూర్చోబెట్టి ఉక్కుపొడి కలిసిన ఎపాక్సీతో అతికించేయడం మూడోది. నా ప్రొజెక్టర్లకు మరల గొట్టం లేదు. మిగిలిన రెంటిలో సులువైనది ఎంచుకున్నాను, అనుభవించాను.

డొప్ప బీఎంసీ అనే గాజునార కలిసిన గట్టి ప్లాస్టిక్. బల్బు రంధ్రాన్ని పెద్దది చేయడానికి రోటరీ కట్టర్‌తో కోస్తుంటే వచ్చే ధూళి ఒంటికి తగిలితే దురద పుట్టిస్తుంది, పీలిస్తే మరీ ప్రమాదం. ముక్కుకు మాస్కు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పనిలో దిగకూడదు. ప్రొజెక్టర్‌ను కూర్చోబెట్టి, గోడ మీద గీత చూసుకుంటూ నాలుగు చుక్కల త్వరగా ఆరే జిగురుతో నిలిపి, ఆపైన ఎపాక్సీ చుట్టూ నింపి ఒక పూర్తి రోజు వదిలేశాను. మరునాడు చేత్తో పట్టుకుని కాస్త ఊపితే, గట్టిగా అనిపించింది. బల్ల మీద నుంచి జానెడు ఎత్తున దించబోయి కాస్త దభీమని పెట్టాను, అంతే, ప్రొజెక్టర్ మొత్తం చేతిలోకి ఊడివచ్చింది.

ఊడిన ముద్దను తిప్పి చూస్తే దాని వెనుక ముఖం అద్దంలా మెరుస్తోంది. ఎపాక్సీ ఎక్కడా విరగలేదు, డొప్పా విరగలేదు. డొప్ప మీది అల్యూమినియమ్ పూతను మాత్రం అచ్చంగా ఒలుచుకుని వచ్చింది. నేను ప్లాస్టిక్‌కు అంటించాననుకున్నది నిజానికి మైక్రాన్ మందం కూడా లేని మెరుపు పొరకు. అతికించే చోట పూతను గరుకు ఎమరీతో గీకి, కింది ప్లాస్టిక్‌కు గాట్లు పెట్టి ఉంటే నిలిచేదే. కాని గోడ మీద గీత ఒక డిగ్రీ పక్కకు వాలిందని ఆరిన తరువాత తెలిస్తే ఏమిటి దారి? ఉలి, సుత్తి. అప్పుడే బోల్టుల దారికి మళ్ళాను.

8, 9, 10వ రోజులు: బోల్టులు

ఈ మూడు రోజులూ చిన్న చిన్న కొలతలతోనే గడిచాయి. బోల్టులతో బిగించే పద్ధతిలో ప్రొజెక్టర్ వెనుక పట్టీకి నాలుగు మూలలా ఎం4 బోల్టులు పడతాయి. ప్రతి బోల్టుకు డొప్పకు ఇటూ అటూ ఒక్కో నట్టు, వెడల్పు వాషరు. నట్లను ముందుకూ వెనక్కూ జరిపితే ప్రొజెక్టర్ తల పైకీ కిందికీ, పక్కలకూ వాలుతుంది. గుండ్రంగా తిప్పుకోవడానికి మాత్రం రంధ్రాలే సాగాలి. నా బోల్టులు మధ్య బిందువుకు 40 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. ఆ దూరంలో 3 డిగ్రీల తిప్పుడుకు చాపం పొడవు 2 మిల్లీమీటర్లు. కాబట్టి ప్రతి రంధ్రాన్నీ సన్నని ఆకురాయితో అటూ ఇటూ 2 మిల్లీమీటర్ల మేర కోలగా సాగదీశాను. అంతకన్నా ఎక్కువ సాగదీస్తే వాషరు కింద పట్టు తగ్గుతుంది.

డొప్పను కోసేటప్పుడు దాని వెనుక మూడు మూలల్లో ఉన్న కీళ్ళను ముట్టుకోలేదు. ఒక కీలు స్థిరం, మిగతా రెండు బయటి నుంచి స్క్రూతో జరిగే అడ్జస్టర్లు. ప్రొజెక్టర్ డొప్పనే పట్టుకుని ఉంటే ఆ అడ్జస్టర్లు పనిచేస్తూనే ఉంటాయి. వెనుక డొక్కుకు నేరుగా బిగించినవారు దీపం మూసేశాక గీతను ఒక్క వెంట్రుక కూడా జరపలేరు. ముందుగా రెండు అడ్జస్టర్లనూ వాటి మొత్తం జరుగుబాటులో సరిగ్గా మధ్యకు తెచ్చి, తరువాతే బోల్టుల పని మొదలుపెట్టాను. లేకపోతే కారు మీద పెట్టాక సరిదిద్దడానికి ఒక వైపు జాగా మిగలదు.

చీకటి పడ్డాక డొక్కును బల్లకు బిగించి, 5 మీటర్ల దూరంలో గోడ మీద రసమట్టం పెట్టి గీసిన అడ్డగీతకు ఎదురుగా వెలిగించాను. అద్దం లేకుండా వెలిగిస్తున్నప్పుడు ఒక జాగ్రత్త తప్పదు: డీ2ఎస్ బల్బు వెలిగే క్షణంలో 20 వేల వోల్టులకు పైగా పోటు వస్తుంది, వెలిగాక 85 వోల్టుల దగ్గర కుదురుకుంటుంది. బల్లాస్టుకు (బల్బుకు తగిన వోల్టేజీ అందించే పెట్టెకు) కరెంటు ఆపకుండా బల్బు సాకెట్ దగ్గరికి చేయి పోనివ్వకూడదు. నట్టు తిప్పాలన్న ప్రతిసారీ ఆర్పడం, తిప్పడం, మళ్ళీ వెలిగించడం.

కటాఫ్ గీతలో బల్లపరుపు భాగం గోడ మీది గీతకు సమాంతరంగా రావాలి. ఒక డిగ్రీ వాలినా మీటరు పొడవుకు దాదాపు 17 మిల్లీమీటర్ల తేడా వస్తుంది, 5 మీటర్ల దూరం నుంచి అది కంటికే కొట్టొచ్చినట్టు కనబడుతుంది. గీత మధ్యలో ఉండే మెట్టు ఏ వైపు లేస్తుందో కూడా అప్పుడే చూసుకోవాలి. ఎడమ పక్కన బండ్లు నడిచే చోట మెట్టు ఎడమకు, కుడి పక్కన నడిచే చోట కుడికి లేవాలి. అది తారుమారైతే ఎంత నేర్పుగా బిగించినా ఎదుటివాడి కళ్ళలోకే కొట్టినట్టు. రేకు ప్రతిబింబం తలకిందులుగా పడుతుందని మరచిపోయి, విడి రేకును చేత్తో పట్టుకుని ఇది తప్పు రకమని పది నిమిషాలు కంగారుపడ్డాను.

కుడి దీపానికి మూడు గంటలు పట్టింది, ఎడమ దానికి గంటలో అయిపోయింది. సరిపోయిన స్థితిలో నట్లన్నిటికీ మరలు పట్టుకునే ద్రావణం ఒక్కో చుక్క వేశాను. డొప్పకూ పట్టీకీ మధ్య మిగిలిన సందులను మాత్రం ఎపాక్సీతో నింపలేదు. చాలామంది వెలుగు వెనక్కి కారకుండా నింపుతారు. నేను నలుపు రంగు పలుచని అల్యూమినియమ్ రేకు కత్తిరించి స్క్రూలతో పెట్టాను. అందానికి తక్కువే, విప్పడానికి మాత్రం ఒక్క స్క్రూడ్రైవర్ చాలు.

12వ రోజు: శ్రౌడ్, ఎండ, జాడీ

ప్రొజెక్టర్ చుట్టూ కప్పే శ్రౌడ్‌కూ ముందు అద్దానికీ మధ్య కనీసం 10 మిల్లీమీటర్ల ఖాళీ ఉండేలా కొలిచాను. ఈ కటకం వెలుగును బయటికి పంపడమే కాదు, పగటిపూట ఎండను లోపలికి కూడా చేరుస్తుంది. వాలు ఎండ తగిలే గంటల్లో కటకం వెనుక ఒక చుక్కగా కేంద్రీకరించిన సూర్యుడు ప్లాస్టిక్ శ్రౌడ్‌నూ, వైరు తొడుగునూ కరిగించిన ఉదాహరణలు ఈ పనిలో ఉన్నవారికి తెలిసినవే. అందుకని సొలినాయిడ్ వైర్లను వేడికి నిలిచే గాజునార తొడుగులో పెట్టి, కటకం వెనుక దృష్టిరేఖకు అందకుండా పక్క నుంచి తిప్పాను.

శ్రౌడ్‌లకు నల్లరంగు వేశాను. ఆరినట్టే ఉంది, చేతికి అంటడం లేదు. అయినా ఒక అనుమానంతో ఒకదాన్ని వెడల్పు మూతి గాజు జాడీలో పెట్టి మూత బిగించి, సాయంత్రందాకా ఎండలో ఉంచాను. మూత తీయకముందే గాజు లోపల పాలమీగడలా పలుచని పొర కనబడింది. వేలితో గీస్తే గీత పడింది, వేడి చేస్తే పోలేదు. రంగులో మిగిలిన ద్రావకం వదిలిన పూత అది. ఆ శ్రౌడ్‌ను అలాగే దీపంలో పెట్టి మూసి ఉంటే అదే పొర హెడ్‌లైటు అద్దం లోపల పేరుకునేది, దాన్నే నేను చెమ్మ అనుకుని నెలల తరబడి ఎక్కడో లేని లీకు వెతికేవాణ్ణి. రెండు శ్రౌడ్‌లనూ 80 డిగ్రీల వేడిలో రెండేసి గంటలు ఉంచి, మళ్ళీ జాడీలో పెట్టి చూశాను. గాజు శుభ్రంగా ఉంది.

15వ రోజు: వైర్లు బయటికి వచ్చే చోటు

ఇగ్నైటర్ (బల్బు వెలిగే క్షణంలో ఆ పోటు ఇచ్చే భాగం) వైర్ల తోక పాత రబ్బరు బూటులో ఇమడలేదు. బూటు మధ్యలో రంధ్రం చేసి గ్రొమెట్ అనే రబ్బరు వలయం కూర్చోబెట్టి, దాని గుండా వైర్లను బయటికి తీశాను. ఎడమ వైపు వైరును గ్రొమెట్ కంటే కిందికి వంచి మళ్ళీ పైకి తీసుకెళ్ళడానికి చోటుంది, కాబట్టి నీరు కారినా వంపు అడుగున చుక్కగా రాలిపోతుంది. కుడి వైపు బల్లాస్టు పెట్టడానికి దొరికిన చోటు ఇరుకు. వైరు పై నుంచి నేరుగా గ్రొమెట్‌లోకి దిగింది. చూడడానికి బాగానే ఉందనిపించి వదిలేశాను.

17వ రోజు: గాడి నింపడం, మూయడం

పాత బ్యూటైల్‌ను తీయాలా, దాని మీదే కొత్తది వేయాలా అన్న దాని మీద రెండు వాదాలున్నాయి. కుడి దీపంలో పాతది శుభ్రంగా, దుమ్ము పట్టకుండా ఉన్నా నేను మొత్తం తీసేశాను. వేడిగాలి తుపాకితో మెత్తబరచి, ఆ బంకనే ముద్దగా చేసి గాడిలో అద్దుతూ పోతే మిగిలిన పీచులన్నీ ముద్దకే అంటుకుని వచ్చేశాయి. మేకును మేకుతోనే తీసినట్టు, బంకను బంకతోనే తీయడం తేలిక.

కొత్త బ్యూటైల్ 9.5 మిల్లీమీటర్ల తాడు రూపంలో వచ్చింది. గాడిలో పరిచేటప్పుడు లాగకూడదు. లాగిన చోట సన్నబడి, తరువాత వెనక్కి ముడుచుకుంటుంది. రెండు కొసలు కలిసే చోటును గాడి పైభాగంలో పెట్టుకుని, ఒకదాని మీద ఒకటి అంగుళం మేర ఎక్కించి వేళ్ళతో కలిపేశాను. నీరు నిలిచేది కింది అంచున కాబట్టి కీలు అక్కడ ఉండకూడదు. మూసే ముందు చివరిసారి చూసుకోవలసినవన్నీ చూశాను: హైబీమ్ రేకు టక్కుమంటూ పడుతోందా, ప్రొజెక్టర్ కటకం మీద వేలిముద్రలున్నాయా, శ్రౌడ్ కదులుతోందా. దుమ్ము చేత్తో తుడవకుండా గాలి బుడ్డితో ఊదాను.

అద్దాన్ని చేతికి అందినంత నొక్కి గాడిలో కూర్చోబెట్టి, మొత్తం దీపాన్ని 120 డిగ్రీల వద్ద 7 నిమిషాలు ఉంచాను. బయటికి తీయగానే చుట్టూ ఆరు చోట్ల వడ్రంగి క్లాంపులు, ఒక్కసారిగా కాకుండా ఎదురెదురు జతలుగా, వంతులవారీగా బిగించాను. బంక అంచుల వెంట నల్లటి సన్నని పూసలా ఒకే మందంతో పైకి ఉబికితే గాడి నిండినట్టే. ఎడమ దీపానికి కింది బయటి మూలన ఆ పూస రెండు వేళ్ళ వెడల్పు మేర కనబడలేదు. సిలికాన్ గీకిన చోటే అది. అక్కడ వేడిగాలి తగిలించి మరో చిన్న ముక్క కుక్కి నొక్కాను. క్లాంపులు రాత్రంతా ఉంచి, పొద్దున స్క్రూలు పెట్టాను.

తరువాత సబ్బునీటి పరీక్ష. పైనున్న తెల్లపొర రంధ్రాన్ని బొటనవేలితో మూసి, కింది మోచేయి గొట్టంలోకి నోటితో మెల్లగా ఊదుతూ, కీలు చుట్టూ కుంచెతో నురగ రాశాను. కంప్రెసర్ గాలి పెడితే అద్దమే ఊడి వస్తుంది, నోటి గాలి చాలు. ఎక్కడా బుడగ లేవలేదు. గ్రొమెట్ దగ్గర కూడా లేవలేదు. రెండు దీపాలూ నెగ్గాయి.

24వ రోజు: కుడి దీపంలో చెమ్మ

రాత్రి పెద్ద వాన పడింది. తెల్లవారి చూస్తే ఎడమ దీపం అద్దంలా ఉంది, కుడి దానిలో అద్దం కింది మూలన గోరంత చుక్కలు పేర్చినట్టు ఉన్నాయి. అంతకు ముందు సాయంత్రం రెండు దీపాలనూ గంటసేపు వెలిగించి, వేడి మీదుండగానే ఆర్పాను. వెంటనే నా చూపు బ్యూటైల్ మీదికే పోయింది. కాని ఊహించే ముందు లెక్క వేద్దామనిపించింది.

దీపం లోపల దాదాపు 4 లీటర్ల గాలి పడుతుంది. అది 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే నూటికి 13 వంతులు వ్యాకోచిస్తుంది, అంటే అర లీటరుకు పైగా గాలి బయటికి పోతుంది. ఆర్పేశాక అంతే గాలి మళ్ళీ లోపలికి రావాలి. తడితో నిండిన గాలిలో కూడా 25 డిగ్రీల వద్ద లీటరుకు 23 మిల్లీగ్రాముల నీటి ఆవిరి మాత్రమే ఉంటుంది. అర లీటరుతో వచ్చేది 12 మిల్లీగ్రాములు, అంటే ఒక చుక్కలో నాలుగో వంతు. నాకు కనబడినవి ఎంత తక్కువ వేసుకున్నా పది చుక్కలు. గాలితో వచ్చిన తేమ అంత నీరు కాలేదు, నీరు నీరుగానే లోపలికి వచ్చింది. అంటే దీపం ఊపిరి పీల్చినప్పుడు దానికి గాలి దొరకవలసిన చోట గాలి దొరకలేదు, దొరికిన చోట నీరుంది.

దీపం విప్పి వెనుక చూడగానే సగం సంగతి తెలిసింది. నేను బిగించిన బల్లాస్టు మూల కింది మోచేయి గొట్టాన్ని నొక్కి చప్పిడిగా చేసింది. మరి పైనున్న తెల్లపొర? ఆ పొరకు కంటికి కనబడని సూక్ష్మరంధ్రాలుంటాయి. ఆవిరిని, గాలిని పోనిస్తుంది, నీటి చుక్కను ఆపుతుంది. పాత దీపం కావడంతో ఏళ్ళ తరబడి ఇంజన్ గదిలోని నూనె జిడ్డు, దుమ్ము పట్టి ఆ పొర బూడిదరంగుకు తిరిగింది. నోటితో ఊది చూస్తే చలించలేదు. సబ్బునీటి పరీక్షలో నా బొటనవేలు మూసిందనుకున్న దారి అంతకు ముందే మూసుకుపోయి ఉంది.

రెండు దారులూ మూసుకుపోయాక మిగిలిన సందు గ్రొమెట్. బల్ల మీద పరీక్ష చేసినప్పుడు వైరు తిన్నగా వేలాడుతోంది, కాని కారు మీద పై నుంచి దిగే వైరు బూటును పక్కకు లాగి రంధ్రాన్ని కోలగా చేసింది. వాన నీరు వైరు వెంట జారి సరిగ్గా అక్కడికే చేరింది. చల్లబడుతున్న దీపం దాన్ని పీల్చుకుంది. బ్యూటైల్ మీద ఏ తప్పూ లేదు. నా సీలు అంత బాగా కుదరడమే గ్రొమెట్ దగ్గర ఆ పీల్పును అంత గట్టిగా పెంచింది. ముందు వైపు కాస్త లీకున్న నాసిరకం దీపమైతే ఈ నీరు వచ్చేది కాదేమో అని తలుచుకుంటే నవ్వొచ్చింది.

25, 26వ రోజులు: మళ్ళీ తెరవడం

బల్లాస్టును అడుగు దూరం జరిపి, మోచేయి గొట్టం నోరు కిందికి స్వేచ్ఛగా వేలాడేలా చేశాను. జరిపినందుకు వైరుకు వంపు పెట్టే జాగా కూడా దొరికింది. పాత పొరను గీకేసి, ఇసోప్రొపైల్‌తో శుభ్రం చేసి, అదే కొలత కొత్త పొర అతికించాను. ఎడమ దీపం పొర కూడా పరీక్షించి మార్చాను. అది పూర్తిగా మూసుకుపోలేదు కాని ఊదితే కష్టంగా పోతోంది.

లోపలి నీరు ఆరడానికి రబ్బరు బూటు తీసి ఒక రోజు ఎండలో ఉంచితే సరిపోయింది. కాని ఆరిన చోట అద్దం లోపల సన్నని తెల్లటి వలయాలు మిగిలాయి, చుక్క అంచు ఎండిన చోట ఉప్పు గీసిన గుండ్రాలు. పగటి వెలుగులో పక్క నుంచి చూస్తే తప్ప కనబడవు. ఇంకొకరైతే వదిలేసేవారేమో, నాకు వదలబుద్ధి కాలేదు. దీపాన్ని ఓవెన్‌లో పెట్టి 8 నిమిషాల్లో తీశాను. కొత్త బ్యూటైల్ పాతదానిలాగే తీగలు సాగుతూ వదిలింది. తెరవడానికి మొత్తం 20 నిమిషాలు పట్టలేదు. ఎడమ దీపం సిలికాన్ మీద గడిపిన రెండు సాయంత్రాలు గుర్తొచ్చాయి. అద్దాన్ని నీటిలో ఒక చుక్క సబ్బుతో కడిగి, ఖనిజాలు లేని నీటితో జాడించి, రుద్దకుండా గాలికే ఆరనిచ్చాను. గాడిలో సన్నబడిన రెండు చోట్ల మాత్రం కొత్త తాడు ముక్కలు కలిపి, మళ్ళీ అదే వేడి, అవే క్లాంపులు.

సబ్బునీటి పరీక్ష ఈసారి వేరుగా చేశాను. ముందు రెండు దారుల్లోనూ విడివిడిగా ఊది, గాలి ఆడుతోందని తేల్చుకున్నాను. తరువాత వైర్లను కారు మీద ఉండే వంపులోనే కట్టి, అప్పుడు నురగ రాశాను.

31వ రోజు

కారును సమతలం మీద నిలిపి, టైర్లలో గాలి చూసి, డ్రైవర్ సీటులో మనిషిని కూర్చోబెట్టి గీత సరిచూశాను. కటకం మధ్య ఎత్తు నేల నుంచి 68 సెంటీమీటర్లు. 10 మీటర్లకు 10 సెంటీమీటర్లు దిగాలన్న లెక్కన గోడ మీద 58 దగ్గర గీత పెట్టాను. ఎడమ దీపం ముప్పావు చుట్టు అడ్జస్టర్ తిప్పుడుతో అక్కడికి వచ్చింది. రెండోసారి తెరిచి మూసిన కుడి దీపానికి అర చుట్టు కూడా పట్టలేదు. లోపల బోల్టులు ఎక్కడుంచినవి అక్కడే ఉన్నాయి.

సాయంత్రం గంటసేపు వెలిగించి, ఆర్పిన వెంటనే రెండింటి మీదా గొట్టంతో చల్లటి నీళ్ళు పది నిమిషాలు కొట్టాను. కుడి దీపంలో రెండు నిమిషాలు పలుచని మసక కనబడి, దానంతట అదే పోయింది. ఎడమ దానిలో అదీ లేదు. అయినా ఎడమ దీపం కింది బయటి మూలన, తరువాత కుక్కిన బ్యూటైల్ ముక్క ఉన్న చోట, బయటి నుంచి తెల్ల పెన్సిల్‌తో రెండు గీతలు పెట్టాను. ఆ గీతల మధ్య చుక్క కనబడితే అది గాలి దారి పని కాదు, నేను గీకి వదిలేసిన సిలికాన్ పని. మరో రెండు పెద్ద వానలు కురిసేదాకా ఆ గీతలు చెరపను.